బల్లలో బంగారుపురుగు

పురుగుల మాస్టారు ఏ మాట మొదలుపెట్టినా బంగారుపురుగు దగ్గరికే వచ్చి ఆగేవాడు. జీవశాస్త్రం చెప్పే ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ, చెప్పడం నుంచి కాలేదు. కుళాయి బాగుచేయించమంటే ఉలుకూ పలుకూ లేని ఇంటి యజమానిని, "ముట్టుకుంటే చాలు, కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడిపోయే జాతి" అనేవాడు. తాగి దీపస్తంభాన్ని వాటేసుకున్న పక్కింటాయనకు, నిగనిగలాడే ఖాళీ సీసాను ఆడపురుగనుకుని వెంటపడే మగపురుగుల కథంతా చెప్పాడు. ఆయన మత్తు దిగి ఇంటికి పోయాడు.

మాస్టారి అక్కకు మాత్రం ఆ ఏడాది నవ్వు రాలేదు. భర్త పోయాక ఆమెకు బతుకు మీద ఆశే లేకుండాపోయింది. పొయ్యి వెలిగించడం మానేసింది. పరామర్శకు వచ్చినవాళ్లు నాలుగు రోజులు తిరక్కుండానే మొహం చాటేశారు. తమ్ముడొక్కడే పెట్టె పట్టుకుని దిగాడు.

"నిప్పంటుకుంటే పురుగులన్నీ పారిపోతాయక్కా. బంగారుపురుగుల్లో ఒక జాతి మటుకు పొగ వాసన పట్టుకుని అటే వస్తుంది" అని గుమ్మంలోనే మొదలెట్టాడు. ఆమె తల పట్టుకుంది.

సామానంతా అమ్మేసి ఇల్లు ఖాళీ చేద్దామనుకుంది. ఆ తర్వాత ఏమిటని ఆలోచించే ఓపిక ఆమెకు లేదు. పాత సామాన్లు కొనేవాడు వచ్చి చెక్క బీరువా పట్టుకెళ్లాడు. భోజనాల బల్ల ఎత్తబోతుంటే మాస్టారు దాని మీద బోర్లా పడి చెవి ఆనించాడు.

"ఇది కదల్చడానికి వీల్లేదు. లోపల పిల్లపురుగు ఉంది" అని బల్ల కాలికున్న చిన్న బెజ్జం చూపించాడు. అది చెక్కలోనే ఏళ్ల తరబడి పెరిగి, ఒకరోజు ఆకుపచ్చగా మెరుస్తూ బయటికొస్తుందట. వచ్చేటప్పుడు ఎవరో ఒకరు చూడాలట. తనకేమో చత్వారం.

అలా కాపలా అక్క నెత్తిన పడింది. పొద్దున్నే లేచి కిటికీ తెరవాలి, పురుగుకు వెలుతురు కావాలి. బల్ల తుడవాలి, పొడి రాలితే కనిపించాలి. వేడి గిన్నె మాత్రం దాని మీద పెట్టకూడదు, లోపల పసిప్రాణం ఉడికిపోతుంది. అందుకని ఇద్దరూ నేల మీదే భోంచేసేవారు. మోకాళ్లు పట్టేసి లేవలేక ఆమె తమ్ముణ్ణీ, పురుగునూ, దాని వంశాన్నీ కలిపి తిట్టేది. తిట్టడానికైనా ఓపిక కావాలి కాబట్టి వండుకుని తినేది. పడుకున్నాక మాత్రం ఏడుపు ఆగేది కాదు.

"రేపు వస్తుందేమోనక్కా" అనేవాడు తమ్ముడు గోడ అవతలినుంచి.

ఒక మధ్యాహ్నం సామాన్లవాడు లబోదిబోమంటూ వచ్చాడు. బీరువాకూ అలాంటి బెజ్జమే ఉందనీ, పురుగు తినేస్తుందని కొన్నవాళ్లు గొడవ చేస్తున్నారనీ మొరపెట్టుకున్నాడు. మాస్టారి నోరు ఊరుకుంటుందా.

"పిచ్చివాడిలా ఉన్నావే. బంగారుపురుగు బెజ్జం చేసేది లోపలికి పోవడానికి కాదు, బయటికి రావడానికి. బెజ్జం కనిపించిందంటే అది ఎప్పుడో ఎగిరిపోయిందనే అర్థం."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అక్క వచ్చి గుమ్మంలో నిలబడి బల్ల కాలి వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది. పురుగు చచ్చినా దాని రంగు వెలిసిపోదని చెప్పడంలో అతను మునిగిపోయి ఉన్నాడు. ఇన్నాళ్లూ ఖాళీ బల్లకు కాపలా కాయించినందుకు ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. వెనక్కి తిరిగి వెళ్లి గరిటె అందుకుంది.

ఆ పూట ఆమె పొగలు కక్కుతున్న గిన్నె తెచ్చి నేరుగా బల్ల మీద పెట్టింది. మాస్టారు ఉలిక్కిపడ్డాడు.

"అక్కా, లోపల పురుగు..."

"దానికీ కాస్త వెచ్చగా ఉంటుందిలే. కుర్చీ లాక్కుని కూర్చో."

మాస్టారు ముట్టుకుంటే పడిపోయే జాతిలాగా కిక్కురుమనకుండా కూర్చుని, పెట్టిందంతా తిన్నాడు. భోజనాలయ్యాక అక్క బల్ల తుడిచి, బెజ్జం దగ్గర వంగి చాలాసేపు చూసింది.

"ఇవాళా రాలేదురా" అంది. "రేపు చూద్దాం."