బొల్లారం దాకా తువ్వాల

నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా దొర్లుతాయి. ఏమీ అనుకోకుండా చదవండి. మన బడిలో చదువుకున్న మీకందరికీ ఒక కబురు చెప్పాలి. చిన్న తరగతులకు చెప్పిన టీచరమ్మ పోయిన నెల కాలం చేశారు. పొద్దున చాయ్ తాగి కుర్చీలో కూర్చున్నవారు మళ్లీ లేవలేదట.

మీతో చదివిన మా అబ్బాయి మీకు గుర్తుండే ఉంటాడు. బడి గంట కొట్టేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు, ఎవరితో ఆడేవాడు కాదు, గంట మాత్రం నిమిషం తప్పేవాడు కాదు. ఇప్పుడు ముప్పై దాటాయి. ఊరి బోరు మోటరు సరిగ్గా ఆరింటికి వేస్తాడు. ముందుగా వేయమంటే చెవులు మూసుకుని కూలబడతాడు. అందరూ మొండోడన్నారు. నేను కూడా అన్నాను.

రిటైరయ్యాక ఒకరోజు టీచరమ్మ బొల్లారం నుంచి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "అది మొండితనం కాదండీ, ఆటిజం కావచ్చు. నేను డాక్టర్ని కాదు, చూపిద్దాం. మీ తర్వాత వీణ్ణి చూసుకునేవాళ్లకు వీడెందుకిలా ఉంటాడో తెలియొద్దూ?" అన్నారు. నా భయం కూడా అదే. ఎవరికీ చెప్పుకోలేదు.

పట్నంలో పెద్దవాళ్లకు ఈ పరీక్ష చేసే చోటు దొరకడమే కష్టమైంది. దొరికాక, పేరు రాసుకుని పదకొండు నెలలు ఆగమన్నారు. ఆగాము. తీరా ఆ రోజు టీచరమ్మకు జ్వరం. డాక్టరమ్మ నన్ను అడిగింది, చిన్నప్పుడు ఎట్లుండేవాడని. నాకు నలుగురిలో నోరు పెగలదు. పైగా సిగ్గు. "మంచిగనే ఉండె మేడం" అన్నాను. వాళ్లమ్మ ఏదని అడిగింది. లేదన్నాను. చిన్నప్పుడు చూసినవాళ్లతో రాయించుకుని రమ్మని, మళ్లీ వరుసలో చివరికి పంపారు.

"మంచిగా ఉన్నాడని చెప్పడానికా పదకొండు నెలలు ఆగారు?" అన్నారు టీచరమ్మ. తల దించుకున్నాను. నిజానికి నేను పొద్దున ఫ్యాక్టరీకి పోతే చీకటి పడ్డాకే వచ్చేవాణ్ణి, వాడి బాల్యం నాకేం తెలుసు? ఆమే మళ్లీ, "సరే, నేను రాస్తాను. మీరు వాడికి ఆసుపత్రి దారి నేర్పండి" అన్నారు.

ఇక ప్రతి నెలా మొదటి ఆదివారం బస్సెక్కేవాళ్లం. ఆసుపత్రి గేటు దాకా పోయి, చాయ్ తాగి, తిరిగి రావడం. దారి అలవాటైతే పరీక్ష రోజు వాడికి సగం భయం తగ్గుతుందనేవారు. మన ఊళ్లో, అలియాబాద్‌లో ఎక్కేటప్పుడు మావాడు కిటికీలోంచి సీటు మీద తువ్వాల వేసేవాడు. బొల్లారంలో ఆమె ఎక్కేదాకా దాన్ని తీసేవాడు కాదు.

"నేనేమన్నా మంత్రినట్రా, నాకు సీటు ఆపుతున్నావు?"

"కిటికీ సీటు. టీచరమ్మది."

ఒకసారి వాడు ఆసుపత్రికి ఎప్పుడు పిలుస్తారని మళ్లీ మళ్లీ అడిగితే, "రేపో ఎల్లుండో పిలుస్తరు బిడ్డా" అన్నాను. రెండు రోజులు చెప్పులు వేసుకుని గడపలో కూర్చున్నాడు. అన్నం కూడా అక్కడే. ఆ సంగతి విని ఆమె కోప్పడలేదు. "తెలియకపోతే తెలియదనే చెప్పండి. వాడు తట్టుకుంటాడు. మనమే తట్టుకోలేం" అన్నారు.

వాడి గురించి నోటుబుక్కులో రాసింది బస్సులో చదివి వినిపించేవారు. 'వాన పడినా గంట దగ్గరే నిలబడ్డాడు. సెలవని వాడికి ఎవరూ చెప్పలేదు.' నా కొడుకు గురించి అలా ఒక్కొక్కటీ విన్నాను, ముసలితనంలో.

ఆమె పోయాక వాళ్లింటాయన ఆ నోటుబుక్కు తెచ్చిచ్చారు. మూడో తరగతి దాకా ఉంది. తర్వాతంతా తెల్ల కాగితాలే.

ఆమె నేర్పినట్టే వాడికి ఉన్నదున్నట్టు చెప్పాను. "టీచరమ్మ సచ్చిపోయింది బిడ్డా. ఇగ రాదు." అయినా ఆదివారం వాడు తువ్వాల వేశాడు. బస్సు నిండింది. ఒకామె, "ఎవ్వరు లేరు గద తమ్మీ, గా తువ్వాల తియ్యరాదు" అంది. వాడు లేచి తన సీటిచ్చాడు, తువ్వాల ముట్టలేదు. బొల్లారంలో బస్సు ఆగింది. ఎక్కేవాళ్లందరూ ఎక్కారు. వాడు తలుపు వైపే చూశాడు. బస్సు కదిలాక తువ్వాల తీసి నాలుగు మడతలు పెట్టాడు. కిటికీ పక్కన కూర్చుని, నోటుబుక్కు ఒళ్లో పెట్టుకున్నాడు.

వచ్చే నెలాఖరుకు మళ్లీ తారీఖు ఇచ్చారు. నాలుగు, అయిదు తరగతుల్లో వాడు ఎట్లుండేవాడో మీకే తెలుసు. నవ్వి ఉంటే నవ్వామని రాయండి, కొట్టి ఉంటే అదీ రాయండి. నేనేమీ అనుకోను. కొంచెం జల్దీ రాయండి.