శ్రీకూర్మం దారి డీజిల్

ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. నేను మానేసిన సంగతి బడికి తెలిసేసరికి ఎండాకాలం సెలవులొచ్చాయి. అలాంటివాడిని ఈమధ్య ఆదాయపు పన్ను కోసం ఆడిటరమ్మ ముందు కూర్చోవలసి వచ్చింది.

మాది సాలూరు. ఊరంతా లారీలు తిప్పుతుంటే నేను కారొకటి కొనుక్కుని కిరాయికి తిప్పుతున్నాను. భోగాపురం విమానాశ్రయం పనులకొచ్చే ఇంజనీర్లే నాకు పెద్ద బేరం. ఆడిటరమ్మ మా వీధి పిల్లే. డీజిల్ బిల్లులన్నీ సంచిలో కుక్కి తీసుకెళ్లి ఆమె బల్ల మీద బోర్లించాను. కిరాయి బండికి ఎల్లో బోర్డు ఉంటుంది కదా, ఆ బోర్డున్న బండి ఎక్కడికి తిరిగినా వ్యాపారమే, డీజిలంతా ఖర్చులో రాసుకోవచ్చని మా స్టాండులో అందరి నమ్మకం. నాదీ అదే.

ఆమె బిల్లులు తిరగేస్తూ ఆగింది.

"నెలనెలా శ్రీకూర్మం దారి బిల్లుంది. ఎవుల్ని దించావు బాబాయ్?"

"కూర్మనాథుణ్నే. తాబేలు కదా, దిగడానికి పూటంతా పడతాది."

ఆమె నవ్వలేదు. "నిజం సెప్పు."

చెప్పాను. మా ఆవిడ అస్థికలు అక్కడి పుష్కరిణిలోనే కలిపాను. అప్పట్నుంచి నెలకోసారి వెళ్లి, గట్టు మీద కాసేపు కూర్చుని వచ్చేస్తాను. కిరాయికొచ్చినవాళ్లు వెనక సీట్లో ఫోన్లు చూసుకుంటారు. నా పక్క సీటు మా ఆవిడది. సాలూరు దాటకముందే "మెల్లగా తోలు" అని మొదలుపెట్టి శ్రీకాకుళం దాకా ఆపేది కాదు. ఇప్పుడు ఆ సీటుకి బెల్టు పెట్టమని బండి కూడా అడగదు.

"అయితే ఈ డీజిల్ ఖర్చులో రాయకూడదు. బోర్డు కాదు, పనేటో సూడాల. ఇది నీ సొంత పని."

"సొంతమంటే ఇంట్లో ఎవరో ఒకరుండాల కదమ్మా," అన్నాను. నవ్వించడానికే అన్నాను.

ఆమె ఆ బిల్లుల్ని పక్కకి తీసిపెట్టింది.

"డబ్బు కోసం కాదమ్మా. ఒక మనిసిని ఎక్కించుకెళ్లానని రాయి. సూసుకోడానికి బాగుంటాది."

"లేని మనిసిని నేను ఎక్కించలేను బాబాయ్."

సంచి మడుచుకుని గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది.

"వచ్చే నెల మా మామ్మని ఎక్కించుకెల్లు. శ్రీకూర్మం సూపించమని నన్ను తినేస్తన్నాది. కిరాయి నేనిస్తాను, అప్పుడది ఏపారమే. ఎనక సీట్లో కూకోదు. బండెలా తోలాలో దారంతా నీకు సెప్తాది. దానికి మాత్రం మినహాయింపేటీ లేదు."