పిల్లులంటే భయపడే మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయి నెల కావస్తోంది. ఆ కబురు తెలిసేసరికి నేను తాండూరు రైల్వే స్టేషన్‌లో ఉన్నాను. ఆమె కోసం జావ కాచి, స్టీలు డబ్బాలో పోసుకుని, వికారాబాద్ దవాఖానకు వెళ్లడానికి రైలు కోసం ఎదురుచూస్తున్నాను. ఫోన్‌లో మా ఆయన పేరు కనిపించింది. ఎత్తాలంటే భయం, ఎత్తకపోతే ఇంకా భయం. ఎత్తాను. "అమ్మ పోయింది" అన్నాడు. రైలు వచ్చింది, ఎక్కాను. ధారూరు దాటేదాకా ఒళ్లో డబ్బా వేడిగానే ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

వాడకట్టులో అందరూ ఆమెను గట్టి మనిషి అనుకునేవాళ్లు. గొర్రెలు కాసే ఇంట పుట్టింది కాబట్టి గొంతు పెద్దది. వీధి ఈ చివర మాట్లాడితే ఆ చివరికి వినిపించేది. కానీ ఆమెకు భయాలు చాలా ఉండేవి. లిఫ్టు భయం, సూది భయం, వేళ కాని వేళ ఫోన్ మోగితే భయం. వాటిని దాచుకునేది కాదు. మనం ఆకలిగా ఉందని ఎంత మామూలుగా చెప్తామో, "నాకు భయమైతుంది" అని అంత మామూలుగా చెప్పేది. అన్నిటికంటే ఎక్కువగా పిల్లులంటే భయం. చిన్నప్పుడు బంట్వారంలో మంద దగ్గర పడుకుంటే, గొర్రెపిల్ల కోసం వచ్చిన అడవిపిల్లి ఆమె మీద పడిందట. మోచేతి నుంచి మణికట్టు దాకా ఆ గోళ్ల గీత ఉండేది. గాజులు వేసుకునేటప్పుడు దాన్ని చూసుకోకుండా తల తిప్పుకునేది.

అలాంటి మనిషి ఇంటికి నేను పిల్లిని పట్టుకుని వచ్చాను.

అప్పటిదాకా మేము వికారాబాద్‌లో అద్దెకుండేవాళ్లం. మా ఆయనకు కరణ్‌కోటలో సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ పని దొరకడంతో తాండూరులో అత్తమ్మ ఇంటికి మారాల్సి వచ్చింది. నాకూ అక్కడి బడిలో టీచరు ఉద్యోగం కుదిరింది. చిట్టి అని నా దగ్గర ఒక బూడిద రంగు పిల్లి ఉండేది. అది నా దగ్గరికి వచ్చేనాటికే పెద్దది. అంతకుముందు ఎవరింట్లో ఏం బాధ పడిందో తెలియదు కానీ, చెయ్యెత్తితే చాలు నేలకు కరుచుకుపోయేది. నాకు అలవాటు పడడానికే చాలా కాలం పట్టింది. కొత్త ఇల్లంటే దానికేమవుతుందోనని నాకు బెంగ. అత్తమ్మ వద్దంటే ఎవరికిచ్చి రావాలోనని అంతకు మించిన బెంగ. ఆమెతో కలిసి ఉండడం నాకూ అదే మొదలు. ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు.

మూతికి గుడ్డ కట్టిన బుట్ట చూసి ఆమె మంచం ఎక్కి కూర్చుంది.

"ఏందది? పిల్లినా?" అంది. మా ఆయన తల ఊపాడు. బుట్టలోంచి సన్నగా మూలుగు వినిపించింది. అత్తమ్మ చెవులు మూసుకుంది, మళ్లీ చేతులు తీసింది.

"ఎందుకట్ల ఏడుస్తుంది?"

"భయపడుతోంది అత్తమ్మా" అన్నాను.

"దానిక్కూడనా?" అంది ఆశ్చర్యంగా. పిల్లులు కూడా భయపడతాయని ఆమె ఎన్నడూ అనుకోలేదట. "సరే. ఎనక అర్రల పెట్టు. తలుపెయ్యి. నా కాళ్లల్లకు మాత్రం రావొద్దు."

వెనక అర్ర అంటే కంది బస్తాలు పెట్టుకునే చిన్న గది. తన భయం కొద్దీ తలుపు వెయ్యమంది కానీ, బెదిరిన పిల్లికి కావలసింది కూడా అదే. ఒక చిన్న గది, ఒకటే తలుపు, దాక్కునే మూల. అది నాకు తర్వాత అర్థమైంది. ఆ రోజు మాత్రం నేను చెయ్యకూడనిదంతా చేశాను. బుట్ట తెరవగానే చిట్టి బస్తాల వెనక్కి దూరింది. మధ్యాహ్నం బండల గనుల వైపు రాయి పగలగొట్టే మందు పేలింది. మాది ఊరి చివర ఇల్లు. పేలినప్పుడల్లా అలమరలో గ్లాసులు గలగలమంటాయి. ఆ చప్పుడుకు అది గోడలోకి దూరిపోతుందా అన్నట్టు ముడుచుకుంది. అన్నం ముట్టలేదు, పాలు ముట్టలేదు. మర్నాడూ అంతే. తినకపోతే చచ్చిపోతుందని నాకు భయం పట్టుకుంది. బస్తాల మధ్యకు చెయ్యి పెట్టి బయటికి లాగబోయాను. నా చెయ్యి చీరుకుపోయింది.

గడప అవతల నిలబడి అత్తమ్మ చూస్తోంది. నా చేతి మీద రక్తం చూసి వణికింది. అయినా నన్నే కోప్పడింది. "ఎందుకు గుంజుతున్నవ్ బిడ్డా? భయమైనోల్లను గుంజుతరా? నన్ను గట్ల గుంజితె నేను గూడ బర్కుత. దాని జాగ దానికియ్యి."

ఆ తర్వాత నేనూ మా ఆయనా పనులకు వెళ్లడం మొదలైంది. పగలంతా ఇంట్లో అత్తమ్మ, తలుపు వెనక పిల్లి. పెరట్లోకి పోవాలంటే ఆ గది ముందు నుంచే పోవాలి. ఆ నాలుగడుగులు ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. బడిలో పాఠం చెప్తున్నా మనసు ఇంటి మీదే ఉండేది. ఆమె హడలిపోయి పడిపోతుందేమో, లేక విసిగిపోయి ఎవరినో పిలిచి పిల్లిని పారేయిస్తుందేమో అని.

సాయంత్రం వచ్చి చూస్తే చిట్టి గిన్నె ఖాళీగా ఉండేది. నేను ఇంట్లో ఉంటే ముట్టదు, లేనప్పుడు తింటోంది. ఎందుకో తెలియలేదు. ఒక ఆదివారం నేను ముందు గదిలో ఉన్నానన్న సంగతి మరిచి అత్తమ్మ పెరట్లోకి బయల్దేరింది. అప్పుడు విన్నాను.

"లేస్తున్న. పెరట్లకు పోతున్న. నువ్వు రాకు. నేను నీ దిక్కు సూస్తలేను. తలుపు తీస్త, గిన్నె లోపలికి నూకుత, మల్ల మూస్త. చేపముక్క ఉన్నది. ఉప్పు లేదు. నూకుతున్న... మూస్తున్న... పోతున్న."

కర్ర చివరతో గిన్నెను లోపలికి జరిపి, తలుపు వేసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. తను ఎక్కడుందో, ఏం చేస్తుందో పిల్లికి తెలిస్తే అది మీద పడదని ఆమె ఆలోచన. అందుకే రోజంతా అలా చెప్తూనే ఉండేదట. బియ్యం కడుగుతున్నా, చీర ఆరేస్తున్నా, ముగ్గేస్తున్నా. పేరు పెట్టి పిలిచేది కాదు. "గామె" అనేది, మనిషిని అన్నట్టే. నేను బడి నుంచి ఫోన్ చేస్తే మొదటి మాట ఏదైనా, రెండో మాట ఎప్పుడూ "గామె తిన్నది" అనే.

తలుపు వారగా తీసి ఉంచమని చెప్పింది కూడా ఆమే. "ఎప్పటిదాంక లోపలుంటది? రానియ్యి. నేను మంచం మీదుంట" అంది. కాళ్లు పైకి ముడుచుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చుంది. చిట్టి గోడ వెంట పాకుతూ వచ్చి, గది ఒక చుట్టు తిరిగి, మళ్లీ పరుగెత్తి బస్తాల వెనక్కి పోయింది. నేను సంతోషంతో దాని వైపు కదిలితే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "సూడకు. మనం సూస్తె దాని గుండె దడదడ కొట్టుకుంటది. నాదిప్పుడు గట్లనే కొట్టుకుంటుంది, నాకు తెల్వదా?"

అలా వానకాలం గడిచింది. కందులు పూతకొచ్చే వేళకు చిట్టి ముందు గదిలో బీరువా మీద ఎక్కి పడుకునేది. ఆమె మంచానికీ బీరువాకూ మధ్య ఉన్న దూరం ఇద్దరిలో ఎవరూ తగ్గించలేదు.

అప్పుడే అది జరిగింది. సెలవు రోజు, నేను ఇంట్లోనే ఉన్నాను. ఎన్నడూ లేనంత పెద్దగా పేలుడు వినిపించింది. కిటికీ రెక్క గడియ ఊడి గోడకు కొట్టుకుంది. పెరటి తలుపు తెరిచి ఉంది. బీరువా మీద చూస్తే చిట్టి లేదు.

వీధిలో కుక్కలున్నాయి. నేను చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను. పేరు పెట్టి అరుస్తూ వాడంతా తిరిగాను. చివరికి మా ఇంటి వెనక ఉన్న పాలిష్ బండల యార్డులో, నిలువుగా వరసగా ఆనించిన బండల సందులో రెండు కళ్లు కనిపించాయి. పక్కనే లారీ ఆగి ఉంది. కూలీలు ఆ వరసలోంచే బండలు తీసి ఎక్కిస్తున్నారు. ముందున్న బండ కదిలితే వెనకవి జారతాయి. నేను పిలిచిన కొద్దీ అది ఇంకా లోపలికి జరుగుతోంది.

"లారీ పోవాలక్కా, టైం లేదు" అంటున్నాడు వాళ్లలో ఒకతను.

అప్పుడు వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "జర ఆగున్రి కొడుకా. ఒక్క బీడీ తాగేంత సేపు. మీకు దండం పెడ్త."

వాళ్లు ఆగారు. ఆమె నన్ను పక్కకు జరగమని, ఆ సందుకు వీపు చేసి, బండల పొడి మీదే కూర్చుంది. మొహం నా వైపు ఉంది కాబట్టి ఆమె పెదాలు వణకడం నాకు కనిపిస్తోంది. గొంతు మాత్రం ఇంట్లో ఉన్నట్టే ఉంది.

"కూసున్న. ఎండ మస్తు కొడ్తుంది. నేను నీ దిక్కు సూస్తలేను. పొయ్యి మీద పప్పు పెట్టొచ్చిన, మాడుతుందో ఏమో. ఇంటికి పోవాలె. పోయి చింతపండు నానేస్త. తొందరేం లేదు, నువ్వు నిమ్మలంగ రా."

ఎంతసేపు అలా మాట్లాడిందో నేను చెప్పలేను. బండల సందులోంచి ముందు మీసాలు, తర్వాత తల, తర్వాత దుమ్ము కొట్టుకుపోయిన ఒళ్లు బయటికి వచ్చింది. చిట్టి నన్ను చూసింది. నా దగ్గరికి రాలేదు. రెండడుగులు వేసి, వెళ్లి అత్తమ్మ వీపుకు తన ఒళ్లంతా ఆనించి కూర్చుంది.

ఆమె మాట ఆగిపోయింది. ఒళ్లంతా కంపించిపోతోంది.

"బిడ్డా... నా ఈపుకు తగుల్తున్నది గామెనేనా?"

"అవును అత్తమ్మా. తీసేస్తాను, ఉండు."

"తియ్యకు" అంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. "నేను కదిల్తె భయపడ్తది. నువ్వు పోయి బుట్ట తే. నిమ్మలంగ తే."

నేను బుట్ట తెచ్చేదాకా ఆమె కదల్లేదు. మీలో ఎవరికైనా పామంటేనో, తేలంటేనో భయముంటే, అది వీపుకు ఆనుకుని ఉండగా అలా కూర్చోవడం ఏమిటో ఊహించగలరు. ఇంటికొచ్చాక ఆమె రెండు పూటలు అన్నం తినలేదు. జ్వరం కూడా వచ్చింది.

తగ్గాక అడిగాను. "ఇక భయం పోయిందా అత్తమ్మా?"

"యాడికి పోతది? ఉన్నది" అంది. "గని గామెకు నాకంటె ఎక్కువున్నది గద. ఎక్కువున్నోల్ల ముంగట తక్కువున్నోల్లు జర ఆపుకోవాలె."

ఆ తర్వాత కూడా ఆమె పిల్లిని ఒళ్లోకి తీసుకోలేదు, తల నిమరలేదు. అది మంచం కింద పడుకుంటే మాత్రం కాళ్లు కిందికి దించే ముందు "దించుతున్న" అని చెప్పేది.

చివరికి ఆయాసం ఎక్కువై వికారాబాద్ దవాఖానలో చేర్చాం. అక్కడ అన్నీ ఆమెకు భయమే. మాస్కు భయం, మిషన్ల చప్పుడు భయం. ఎవరొచ్చినా మంచం కమ్మీ గట్టిగా పట్టుకునేది. నేను పక్కన కూర్చుని చెప్తూ ఉండేదాన్ని. "అత్తమ్మా, సిస్టర్ వస్తోంది. ఎడమ చెయ్యి పట్టుకుంటుంది. ఇప్పుడు సూది. అయిపోయింది. ఇక పోతోంది." కళ్లు మూసుకుని "ఆఁ, చెప్పు, చెప్తనే ఉండు" అనేది.

ఒక పూట మాస్కు పక్కకు లాగి అడిగింది. "నేను దవాఖానకు వచ్చిన అని గామెకు చెప్పినవా?"

లేదన్నాను.

"అయ్యో. పరేషాన్ అయితది బిడ్డా. ఇంటికి పోయినప్పుడు చెప్పు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, ఆమె మంచం పక్కన కూర్చుని, కింద పడుకున్న చిట్టి వైపు చూడకుండా చెప్పాను. ఆమె ఎక్కడుందో, ఏ మందులిస్తున్నారో, ఎప్పుడొస్తుందని అనుకుంటున్నామో అంతా. మర్నాడు ఆ సంగతి చెప్తే ఆమె మొహం తేటపడింది. ఆమె నాతో మాట్లాడింది ఆ రోజే చివరిసారి.

ఆమెను ఇంటికి తెచ్చిన రోజు ఇంటి నిండా జనం, డప్పులు, ఏడుపులు. చిట్టి మళ్లీ ఆ మొదటిరోజు పిల్లి అయిపోయింది. బస్తాల వెనక్కి పోయి రాలేదు. గిన్నెలో పెట్టింది ఒకటి రెండు ముద్దలు తప్ప అలాగే ఉండేది. దినాలు అయ్యాయి, చుట్టాలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను గడప దగ్గర కూర్చుని ఎంత మాట్లాడినా అది పలకలేదు. ఇది కూడా పోతుందా అని భయపడుతూనే రోజులు గడుపుతున్నాను.

నిన్న బంట్వారం నుంచి అత్తమ్మ చెల్లెలు వచ్చింది. ముందు గదిలో గోడకు ఆనుకుని కూర్చుని, చేను సంగతి చెప్పడం మొదలుపెట్టింది. వాన లేదట, కంది మొలక ఎండిపోతోందట, అడవిపందులు పడుతున్నాయట. అక్కలాంటి గొంతే. పెద్దగా, ఎక్కడా ఆగకుండా. నేను టీ గ్లాసు అందించబోతూ ఆగిపోయాను. వెనక అర్ర తలుపు సందులోంచి చిట్టి బయటికి వచ్చింది. గోడ వెంట కాదు, నేరుగా. గది మధ్య దాకా వచ్చి, తలెత్తి ఆమె మొహం చూసింది. అక్కడే నిలబడిపోయింది.

చిన్నత్తమ్మ దాన్ని చూసి మాట ఆపబోయింది.

"ఆపకు చిన్నత్తమ్మా" అన్నాను మెల్లగా. "దాని వైపు చూడకు. చెప్తూనే ఉండు."

ఆమె మొహం పక్కకు తిప్పుకుని మళ్లీ వాన గురించి మొదలుపెట్టింది. చిట్టి ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు. చెవులు రెండూ ఆ గొంతు వైపు నిక్కబెట్టుకుని, గది మధ్యలో నేల బండల మీద మెల్లగా కూర్చుంది.