రెండు చుట్లకే ఆగిన లెన్సు

ఆ శనివారం ఒక పెద్దమనిషి కెమెరాను పాడుచేశాను. పైగా ఆ తప్పును ఆయన మీదికే నెట్టాను. ఇప్పటికీ తలెత్తనీయనిది ఆ రెండోదే.

ఆయన మందమర్రి గనిలో పనిచేసి రిటైరైనవారు. పాత ఫిల్ము కెమెరాను తువ్వాలలో చుట్టుకుని కరీంనగర్‌లోని నా రిపేరు దుకాణానికి వచ్చారు. దాని సొంత లెన్సుకు బూజు పట్టింది. పాత సామాన్లలో కొన్న ఇంకో లెన్సు తెచ్చారు.

"తమ్మీ, గిది రెండు సుట్లు తిరిగి ఆగుతుంది. జోరు జేస్తె కరాబయితదని ఊకున్న. సోమవారం కంపెనీ క్వార్టర్ అప్పజెప్పాలె. పెండ్లయి గా ఇంట్లకు వచ్చిన్నాడు గీ కెమెరతోనే మా ఇంటామెను దర్వాజ కాడ నిలవెట్టి ఫోటో దీసిన. పొయ్యేముందు గట్లనే ఒకటి తియ్యాలె."

దుకాణంలో ఇద్దరు ఫోటోగ్రాఫర్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు పనితనం చూపించాలనిపించింది. కెమెరా మీద లెన్సు బిగించే రింగునూ, ఆ లెన్సు వెనక అంచునూ కొలిచి చూశాను. రెండూ నలభై రెండు మిల్లీమీటర్లే. "ఫికర్ చెయ్యకన్నా. కొలత కలిసింది, ఇగ చేతిల బలముంటె చాలు" అన్నాను. రబ్బరు గుడ్డతో పట్టి తిప్పాను. మూడో చుట్టుకు కిర్రుమంది. లెన్సు వంకరగా బిగుసుకుంది. ఊడదీస్తే కెమెరా రింగులోంచి లోహపు పొడి రాలింది.

అప్పుడు గుర్తొచ్చింది. వెడల్పు ఒకటే అయినా మర చుట్ల థ్రెడ్ ఒకటి కాదు. కెమెరా రింగులో చుట్టుకూ చుట్టుకూ మధ్య ఒక మిల్లీమీటరు. ఆ లెన్సుకు అంతకంటే తక్కువ. దాన్ని మధ్యలో అడాప్టర్ రింగు వేసే బిగించాలి. అందరికీ నేనే చెప్పే సంగతి.

"పాతది గదన్నా, థ్రెడ్ ముందే అరిగున్నది" అన్నాను.

"ఇంట్ల నేనే తిప్పి చూసిన. నా చెయ్యే కావచ్చు. నిన్ను పరేషాన్ జేసిన తమ్మీ" అంటూ ఆయన కెమెరాను మళ్లీ తువ్వాలలో చుట్టుకున్నారు. ఫోటోగ్రాఫర్లిద్దరూ ఫోన్లలోకి చూస్తూ ఉండిపోయారు.

నా అద్దాల బీరువాలో అదే మోడలు కెమెరా ఒకటుంది. నా మొదటి కెమెరా. ఆదివారం పొద్దున్నే ఆయనకు ఫోన్ చేసి ఇల్లు కనుక్కుని, దాన్నీ పనిముట్లనూ సంచిలో వేసుకుని బస్సెక్కాను.

క్వార్టర్ ముందు సామాన్ల మూటలు. ఆయన భార్య కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు.

"థ్రెడ్ అరగలే అన్నా. నేనే కరాబ్ జేసిన. మీ మీదికి తోసిన" అన్నాను.

ఆమె అన్నారు: "నిన్నటిసంది సేతులే సూస్కుంట కూసున్నడు బిడ్డా. గనిల మిషన్లు నడిపిన సెయ్యి గిట్లెట్ల జేసెనని."

గడప పక్కన నేల మీద కూర్చుని నా కెమెరా రింగు విప్పి ఆయనదానికి బిగించాను. రింగు కింద పలచటి రేకులుంటాయి. ఒక్కటి తప్పినా ఫోటోలో మొహం మసకబారుతుంది. ఆయన కెమెరా రేకుల్ని కదపకుండా ఉంచి, ఫిల్ము వేసే చోట మసక గాజు పెట్టి ఫోకస్ సరిచూశాను. నా కెమెరాకున్న లెన్సును ఆయన చేతికే ఇచ్చాను. రెండు వేళ్లతో తిప్పారు. చివరిదాకా వెళ్లింది.

"గిప్పుడు బలం అక్కెర్లేదా తమ్మీ?" అన్నారు.

ఆమె దర్వాజ దగ్గర నిలబడ్డారు. ఆయన ఫోటో తీశారు. లెన్సు ఆయనకే వదిలి వచ్చాను.

సోమవారం ఆ ఫోటోగ్రాఫర్లిద్దరూ దుకాణానికి వచ్చారు. రింగు లేని నా కెమెరాను బల్ల మీద పెట్టి, శనివారం తప్పు ఎవరిదో వాళ్లకు చెప్పాను.