మామకు వినపడని గంట

రిపేరైన టేప్‌రికార్డరును ఒళ్లో పెట్టుకుని ఆదోని నుంచి వచ్చి ఎమ్మిగనూరు బస్టాండులో దిగాను. మా పక్కింటాయన నా కోసమే నిలబడి ఉన్నాడు. "మీ మామ పోయినాడమ్మా. పొద్దున మగ్గం కాడ కూసున్యాడు, అట్లే ఒరిగినాడు" అన్నాడు. ఏడుపు కన్నా ముందు నాకు భయమేసింది. ఆయనతో ఆడిన అబద్ధం ఒకటి ఇక నా దగ్గరే ఉండిపోతుందని భయం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మా మామ అరవై దాటినా నేత మానలేదు. వీధిలో ఎవరి మగ్గం మొరాయించినా ఆయన్ను పిలిచేవారు. ఆయన లోపలికి పోయేవారు కాదు. గడప అవతల నిలబడి కాసేపు వినేవారు. "నాడె ఎడమ పక్క తగులుతాంది, సూడు" అనేవారు. పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే ఆ నాడెలో తప్పు సరిగ్గా అక్కడే ఉండేది. తన చెవి మీద ఆయనకు ఎంత గర్వమంటే, ఆ ముచ్చట మొదలుపెట్టగానే మా అత్త పనుందని వంటింట్లోకి లేచిపోయేది.

నా పెళ్లయిన మరుసటి ఏడు మా అన్న దుబాయి నుంచి ఆ టేప్‌రికార్డరూ, పేరు రాయని ఒక క్యాసెట్టూ తెచ్చిచ్చాడు. అందులో పాట లేదు, మాట లేదు. ఏదో కరెంటు వాయిద్యం. ఒక పక్కంతా ఒకటే బాణీ. ఒకే తీరున దెబ్బ పడుతూ ఉంటుంది, దాని మీద ఒక్కో సవ్వడి మెల్లగా వచ్చి చేరుతుంది. అక్కడి వాళ్లు ఇది విని పూనకం వచ్చినట్టు ఊగుతారని అన్న చెప్పాడు. రెండు నిమిషాలకే నాకు విసుగొచ్చింది. మామ మాత్రం మగ్గం ఆపి, కాళ్లు పెట్టి తొక్కే గుంటలోంచి పైకొచ్చారు. బట్ట సగంలో ఉండగా ఆయన లేవడం నేనెప్పుడూ చూడలేదు.

"మళ్లా మొదట్నుంచి పెట్టమ్మా" అన్నారు. "బాణీ ఇనొద్దు. పోగులిను. ఏ పోగు యాడ సేరింది, యాడ పోయింది, అది సూడు."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక మాకు అదే పని. ఆయన గుంట అంచున, నేను ఎదురుగా గోడకు ఆనుకుని. కింద పడే దెబ్బ పడుగట, అది తెగకూడదు. పైన తిరిగే సన్నటి స్వరాలు పేక. ఎనిమిది దెబ్బలకోసారి ఏదో ఒకటి మారాలి, మారినట్టు తెలియకూడదు. సగం దాటాక దెబ్బ ఉన్నట్టుండి ఆగిపోయే చోటొకటి ఉంది. టేపు పాడైందేమో అనుకున్నాను.

"తెగలేదమ్మా. మగ్గం తొక్కేటప్పుడు మాదిరి కాలు పైకెత్తినాడు, అంతే" అన్నారు.

దెబ్బ తిరిగొచ్చినప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఆయన పెదవి విరిచారు. "తొందరపన్యాడు. ఇంకో ఎనిమిది ఆగింటే బాగుండు. పూనకం తెప్పించేటోనికి పూనకం రాకూడదు."

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. నిజమే, తొందరపడ్డాడు. అప్పటిదాకా నేను పాటలు విన్నానంటే వాటిలోని మాటలు విన్నానంతే.

అట్లా నా చెవి పదునెక్కాక, మూడో సంవత్సరమో ఏమో, ఆ దెబ్బ ఆగిన చోట చాలా పైన సన్నని గంటొకటి నాలుగుసార్లు మోగడం పట్టుకున్నాను. సంబరపడిపోయి, "మామా, ఆ గంట భలే పెట్టినాడు కదా" అన్నాను.

"ఏ గంట?"

మూడుసార్లు వెనక్కి తిప్పి వినిపించాను. "ఆడ ఏమీ లేదమ్మా" అన్నారు. గొంతు చిన్నదైంది. నా వంక చూడలేదు, మగ్గం వంక చూశారు. ఆ మధ్య రెండిళ్లలో ఆయన చెప్పిన చోట తప్పు దొరకలేదని, వాళ్లు మొహమాటానికి ఊరుకున్నారని అప్పుడు గుర్తొచ్చింది. తన చెవి పోతోందని తెలిస్తే ఈ మనిషి ఇక ఏ గడప ముందూ నిలబడరు.

"అవు మామా, టేపు గీసుకున్న సప్పుడది. నేనే తప్పు విన్యాను" అన్నాను.

ఆయన తలాడించారు. తర్వాత ఎన్నోసార్లు చెప్పబోయి నోరు రాక ఊరుకున్నాను. నాకు వినడం నేర్పిన మనిషికి, విన్నదాన్ని వినలేదని చెప్పాను.

పెద్దకర్మ అయిపోయింది. ఇంట్లో పని చేసుకుంటుంటే గడప అవతల ఎవరో నిలబడి వింటున్నట్టుంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఉండబట్టలేక మొన్న అత్తతో అంతా చెప్పి ఏడ్చాను. ఆమె కండెలు చుడుతోంది, రాట్నం ఆపలేదు.

"మీ మామకు తెల్సులే" అంది. "గంట వచ్చేటప్పుడు కోడలి కాలి బొటనవేలు లేస్తాది, నాలుగు తూర్లు, దాన్ని సూసి లెక్కబెట్టుకుంటాను అనేటోడు. నీకు సెప్పొద్దన్యాడు. తెలిస్తే ఏలు కదలకుండా పట్టుకుంటావంట."

నిన్న మధ్యాహ్నం క్యాసెట్టు పెట్టాను. దెబ్బ ఆగింది. పాదం నేలకు గట్టిగా అదిమి కూర్చున్నాను. గంట మోగింది. వేలు లేచింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. తలెత్తి గుంట అంచు వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.