బిగించకుండా గీసిన సుద్ద గీత

ఒక నట్టు ఎంత బరువుంటుంది? అరచేతిలో పెట్టుకుంటే తెలియనే తెలియదు. దాన్ని నేను యాభై ఏళ్ళకు పైగా మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే పోనీలే, కుర్రతనం అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కుర్రతనం కాదు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, చేతిలో పని ఉంది, ఏది తప్పో తెలిసే బుద్ధీ ఉంది.

అరవైల చివరి మాట. తార్నాకలో ఒక రేకుల షెడ్డులో మోటారు సైకిళ్ళు బాగుచేసేవాళ్ళం. షెడ్డు నాకు పని నేర్పిన మా ఉస్తాద్‌ది. బాగుచేసిన బండిని తారు రోడ్డు మీద ఎంత తిప్పినా ఆయన లెక్కలోకి వచ్చేది కాదు. యూనివర్సిటీ క్యాంపస్‌లోకి తీసుకెళ్ళి, హాస్టళ్ళ వెనక కంకర బాట మీద రెండు మైళ్ళు తిప్పి తేవాలి. బండి నడుస్తుందో లేదో చూడటానికి కాదు. వదులయ్యేవి ఏవైనా ఉంటే అక్కడే వదులవ్వాలని. వచ్చాక ఇంజను చల్లారేదాకా ఆగి, ప్రతి నట్టుకూ రెండోసారి పానా పెట్టి బిగించాలి. అప్పుడు ట్యాంకు మీద సుద్దతో అడ్డంగా ఒక గీత గీయాలి. ఆ గీత లేనిదే బండి షెడ్డు దాటేది కాదు. మా దగ్గరికి వచ్చే వాళ్ళంతా ముందు ఆ గీత చూసుకుని, తర్వాతే బండి ఎక్కేవాళ్ళు.

యాదగిరి సారు యూనివర్సిటీలో పనిచేసేవాడు. పిల్లలకు పాఠం చెప్పడానికి పనికొచ్చే రాళ్ళను గుట్టలెంట తిరిగి, సుత్తితో కొట్టి తేవడం ఆయన ఉద్యోగం. ఉద్యోగమనేమిటి, ఆయనకు అదే ప్రాణం. ఆయన బండిని తారు మీదా గుట్టదారుల మీదా నడిచేలా ఉస్తాదే తయారుచేశాడు. పొగగొట్టం పైకి ఎత్తి కట్టాడు, లోతు గాట్ల టైర్లు వేశాడు. ఆ బండి ఒక్క నెలలో మూడుసార్లు వెనక్కి వచ్చింది. ముందువైపు ఏదో టకటక చప్పుడు. రెండుసార్లు వెతికాను, దొరకలేదు. ఉస్తాద్ ముందు తల కొట్టేసినట్టయింది. మూడోసారి ముందు చక్రం విప్పి బేరింగులు మార్చాను.

ఆ రోజు శుక్రవారం. ఉస్తాద్ నమాజుకు వెళ్తూ, సారు బండి నువ్వే చూసి ఇయ్యమని సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. అంతకుముందు ఎన్నడూ పెట్టలేదు.

కంకర బాట మీద తిప్పాను. చేతులు భుజాల దాకా తిమ్మిరెక్కాయి. చప్పుడు లేదు. నిజంగానే పోయింది. సంతోషపడాలి కదా? నాకు చిరాకే మిగిలింది. నెలంతా నన్ను ఏడిపించి, ఇప్పుడు ఏమీ ఎరగనట్టు నడుస్తోంది. షెడ్డుకు వచ్చేసరికి సారు బూట్లు వేసుకుని, సుత్తి ఉన్న సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద ఉన్నాడు. అయిందా అని అడగడం అది నాలుగోసారి. ఇంజను ముట్టుకుంటే కాలుతోంది. ఇంకో అరగంట ఆగాలి. నాకు ఆకలి. వేళ్ళ కణుపులు చీరుకుపోయి ఉన్నాయి. ఆ బండిని కళ్ళ ముందు నుంచి పంపేస్తే చాలనిపించింది.

గీత గీశాను. పానా ముట్టుకోలేదు.

సారు గీత చూసుకుని, నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కాకముందే కబురొచ్చింది. హబ్సిగూడ దాటాక ఒక గుట్ట మలుపులో, కంకర మీద పడ్డాడట. ఆయన్ను అప్పటికే ఆసుపత్రికి తీసుకుపోయారు. బండి తెమ్మని ఉస్తాద్ నన్ను పంపాడు. వెళ్ళి ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. ఇరుసు నట్టు వేళ్ళతోనే తిరిగింది.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. జేబులోంచి పానా తీసి, అక్కడే బిగించాను.

గీత గీసింది బద్ధకం అనుకుందాం. మరి ఇది? దీనికేం పేరు పెట్టను? ఆ పూట నా చేతులు వణకలేదు, ఎప్పుడూ లేనంత శుభ్రంగా పనిచేశాయి, అదే తలచుకున్నప్పుడల్లా నా మీద నాకు అసహ్యం వేస్తుంది. రెండోసారి బిగించావా అని ఉస్తాద్ అడిగాడు. బిగించానన్నాను. ఆయన పానా పెట్టి చూశాడు. నట్టు గట్టిగా ఉంది. నమ్మాడు.

సారు కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో సుత్తి ఎత్తలేడు కనుక, ఇతరులు తెచ్చిన రాళ్ళకు ఎడమ చేత్తో చీటీలు రాసే గదిలో కూర్చోబెట్టారు. రెండు నెలలకు షెడ్డుకు వచ్చాడు. నేనొక్కణ్ణే ఉన్నాను.

"బండిది తప్పు లేదు తమ్మీ. కంకర మీద ముందు బ్రేకు గట్టిగ పట్టిన. నాదే పొరపాటు," అన్నాడు.

నేను నేల చూస్తూ, "నొప్పి ఉన్నదా సారు?" అన్నాను.

"ఉంటది గద. నువ్వు మనసుల పెట్టుకోకు. గీత చూసుకునే ఎక్కిన. నీ పని నువ్వు మంచిగనే చేసినవు."

అప్పుడు చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. సరే సారు అని మాత్రం అన్నాను.

ఆ తర్వాత ఆయన ఊరుకున్నాడా? సీతాఫల్‌మండి నుంచీ మెట్టుగూడ నుంచీ ఎవరెవరినో నా దగ్గరికి పంపేవాడు. ఆ పిల్లగాని చేతిపని మీద నమ్మకం పెట్టొచ్చని చెప్పేవాడట. వాళ్ళు ఆ మాట చెప్పినప్పుడల్లా నాకు సారు మీదే కోపం వచ్చేది. ఒక్కసారి అనుమానపడొచ్చు కదా? ఒక్కసారి తిట్టొచ్చు కదా? మంచివాడి మీద కోపం తెచ్చుకునేంత దిగజారాను. ఇన్నేళ్ళలో బండ్లు ఎన్నో చేశాను. రెండోసారి బిగించకుండా ఒక్కటీ ఇవ్వలేదు. దానివల్ల ఆయన చేయి తిన్నగా అయిందా?

సారు పోయాడు. చివరిదాకా, కంకర మీద బ్రేకు పట్టకూడదని కుర్రాళ్ళకు తన చేయి చూపించి మరీ చెప్పేవాడట. నా తప్పును ఆయన పాఠంగా చెప్పుకున్నాడు. క్షమించమని అడగడానికి మనిషి లేడు, మిమ్మల్ని అడగడానికి నాకు ముఖం లేదు. ఒక్క మాట మాత్రం సరిచేయాలి. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

సారు బ్రేకు సరిగ్గానే పట్టాడు. నట్టు నేను బిగించలేదు.