మూడో అంతస్తు దగ్గర కుదుపు

మా ఆఫీసున్న పాత భవనంలో లిఫ్టు నడిపే ఆయన్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. ఎవరు ఏ అంతస్తుకి వెళ్తారో ఆయనకి కంఠోపాఠం. అయినా "ఎన్నో అంతస్తండీ?" అని అడగనిదే బటను నొక్కేవాడు కాదు.

"రోజూ చెప్పాలా బాబాయ్?" అని విసుక్కుంటే, "నిన్న నాలుగే. ఇవాళ ప్రమోషనొచ్చి అయిదేమోనని," అనేవాడు.

భార్య పోయాక ఇంట్లో ఆయనతో మాట్లాడే మనిషి లేదని, లిఫ్టులో తన స్టూలు మీద కూర్చున్నంతసేపే ఆయన నోటికి పని అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ వానాకాలం ఎక్కడ చూసినా వైరల్ జ్వరాలే. బాబాయ్ కూడా మంచమెక్కి లేచాడు. ఒంట్లో పస లేకపోయినా పనిలోకి వచ్చేశాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ఫిర్యాదు: మూడో అంతస్తు దగ్గర లిఫ్టు ఒక్క క్షణం జారి, మళ్లీ అందుకుంటోందని. మాకెవరికీ ఏమీ తెలియలేదు. ఆయన మాత్రం స్టూలు అంచు గట్టిగా పట్టుకునేవాడు.

మెకానిక్ మోటారు గదికెక్కి కేబుళ్లూ బ్రేకులూ చూసి, చెమటలు కక్కుతూ దిగాడు.

"నిక్షేపంలా ఉంది బాబాయ్."

"నిన్నగాక మొన్నొచ్చావు, నీకేం తెలుసురా? ఇన్నేళ్లుగా దీంట్లో కూర్చున్నవాణ్ణి, నాకు తెలీదూ?"

తర్వాత ఆ కుదుపు రెండో అంతస్తు దగ్గరన్నాడు. మెకానిక్ మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే మాట. ఎవరినైనా పడేస్తుందేమోనన్న భయంతో బాబాయ్ మమ్మల్నందర్నీ మెట్ల మీద పంపేసి, ఖాళీ లిఫ్టులో తనొక్కడే పైకీ కిందకీ తిరగసాగాడు.

మూడోసారి మెకానిక్ వచ్చిన మధ్యాహ్నం కరెంటు పోయింది. కింది అంతస్తులో తలుపు తెరుచుకుని లిఫ్టు నిలబడి ఉంది. బాబాయ్ స్టూలు మీదే ఉన్నాడు. కదలని లిఫ్టులో వచ్చింది ఆ కుదుపు.

"ఒరే, ఇలా రా," అన్నాడు మెకానిక్‌తో. "లిఫ్టు కాదురా. నేనే."

మెకానిక్ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు. మణికట్టు పట్టుకున్నాడు. "ఇదేంటి బాబాయ్, ఆగుతోంది, పరిగెడుతోంది... లే, ఆసుపత్రికి పోదాం."

"తెలిస్తే నా స్టూలు పోతుందిరా."

"తెలీకపోతే నువ్వే పోతావు."

ఆసుపత్రిలో గుండె పరీక్షలన్నీ చేశాక డాక్టరు చెప్పాడట: "జ్వరం తగ్గింది కానీ, ఆ వైరస్ వల్ల గుండె కండరం వాచింది. అందుకే లయ తప్పుతోంది. మందులు వాడాలి, పని మానేసి విశ్రాంతి తీసుకోవాలి. ఒక మనిషి తోడుండాలి. ఇంట్లో ఎవరున్నారు?"

"నేనేనండీ. మీ దగ్గర మిగిలినవాళ్లెవరైనా ఉంటే ఇవ్వండి, తీసుకెళ్తాను."

డాక్టరు నవ్వలేదట.

స్టూలు తీసేశారు. ఎవరి బటను వాళ్లే నొక్కుకున్నాం. లిఫ్టులో మాట వినపడటం మానేసింది.

కొన్నాళ్లకి లయ కుదుటపడింది. అప్పటికి ఉద్యోగం లేదు. ఊరికే చూసిపోదామని బాబాయ్ వచ్చాడు. మెకానిక్, నేను, ఆయన లిఫ్టెక్కాం. బాబాయ్ చూపు స్టూలుండే మూలకే పోయింది. మెకానిక్ బటను దగ్గర వేలు ఆపి, "ఎన్నో అంతస్తండీ?" అన్నాడు.

ఆయన్ని ఆ మాట ఎవరూ అడిగి ఎరగరు.

"అన్నిటికంటే పైది," అన్నాడు. "అక్కడ నాకెవరూ లేరనుకో. దారి పొడుగ్గా ఉంటుందని."